వ్యాను నడుము లేపిన వారం

మా వ్యానును అమ్మినవాడు "ఇద్దరే ఓనర్లు సార్" అని ప్రమాణం చేసి మరీ చెప్పాడు. మొదటివాడు ఎవరో నవాబు అయ్యుంటాడు, రెండోవాడు తను. మధ్యలో ఒక శతాబ్దం బండి ఒంటరిగా బతికి ఉండాలి. ఎడమ తలుపు తెరిస్తే మూసుకునేది కాదు, వెనక తలుపు మూస్తే తెరుచుకునేది కాదు. హారన్ మోగాలంటే చక్రం గుంతలో పడాలి. ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ వైపు గుంతలకు లోటు లేదు కాబట్టి హారన్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేసిందనే చెప్పాలి.

ఇవన్నీ భరించాను. భరించలేకపోయింది దాని వెనక భాగాన్ని. ముందు చక్రాల దగ్గర పెళ్లికొడుకులా నిటారుగా ఉండే బండి, వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి పంక్తిలో ఆకు కనబడగానే చతికిలబడే దూరపు చుట్టంలా దిగబడిపోయేది. వెనక ఇరుసుకూ బండికీ మధ్య ఇనప పట్టీల కట్టలు రెండుంటాయి, పక్కకొకటి. ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులా వంచి ఉంటాయి. హైదరాబాదులో వాటిని కమాన్లంటారు. విల్లుకు వంపే ప్రాణం. మావి ముందు వంపు మరిచిపోయి బల్లచెక్కలయ్యాయి, తరవాత రెండోవైపుకు వంగడం మొదలుపెట్టాయి. నవ్వు మూతి ఏడుపు మూతి అయినట్టన్నమాట.

అలాంటి బండిని నమ్ముకుని నేను ఆబిడ్స్‌లో ఒక ప్రైవేటు కంపెనీ గుమాస్తాగిరీ వదిలేశాను. మామూలుగా వదల్లేదు, మేనేజరు బల్ల మీద రాజీనామా కాగితం పెట్టి, అక్కరలేకపోయినా దానిమీద పేపర్‌వెయిట్ కూడా పెట్టి వచ్చాను. మా కాలనీ అప్పుడే లేస్తోంది. అంతకు ముందు అదంతా ద్రాక్షతోట. తీగలు పోయినా వాటిని మోసిన రాతి కడీలు అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. వాటి మధ్య మా ఇళ్లు, సగం పూతతో, సగం అప్పుడే వేసిన స్లాబులతో. బస్సెక్కాలంటే మెయిన్‌రోడ్డు దాకా నడవాలి. ఎక్కాలంటే కుస్తీ తెలియాలి. మలక్‌పేటలో బడికి వెళ్లే పిల్లలు కాలనీలో పదమూడుమంది ఉన్నారు. ఆ పదమూడుమందీ మా వ్యాను ఎక్కితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఎక్కకపోతే నేను ఆబిడ్స్ వెళ్లి అదే మేనేజరు ముందు, అదే పేపర్‌వెయిట్‌ను చూస్తూ, చేతులు కట్టుకుని నిలబడాలి.

వేసవి సెలవుల దాకా అంతా సవ్యంగా నడిచింది. సెలవుల్లో కాలనీవాళ్లందరం కలిసి మంచినీళ్ల పైపు వేసుకున్నాం. కాలనీ మొదట్లో గజం లోతు తవ్వగానే రాయి తగిలింది. రాయంటే ఒక రాయి కాదు, దక్కన్ పీఠభూమి మొత్తం అక్కడే మొదలవుతుందేమో అన్నంత రాయి. తవ్వేవాళ్లు గడ్డపారలు పడేసి పోయారు. చేసేది లేక పైపును పైపైన పరిచి, మీద బండలు కప్పి, మొరం పోసి గట్టు కట్టారు. ఆ గట్టును ముట్టుకోవడానికి లేదు. పైపు పగిలితే కాలనీకి నీళ్లుండవు. దాటకుండా పోవడానికీ లేదు. బయటికి అదొక్కటే దారి.

ఖాళీ బండి ఆ గట్టును కడుపు రాసుకుంటూ ఎలాగో దాటేది. ఆ చప్పుడుకు సరూర్‌నగర్ చెరువులో కొంగలు లేచి బాలాపూర్ వైపు వెళ్లిపోయేవి. పిల్లలెక్కితే మాత్రం పొదిగే కోడిలా గట్టు మీద కూర్చుండిపోయేది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, కడుపు కింద మా మంచినీళ్ల పైపు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారమంతా పిల్లల్ని గట్టుకు ఇవతల దింపి, వాన బురదలో నడిపించి, అవతల ఎక్కించాను. తెల్ల సాక్సులు వేసుకుని వచ్చిన పిల్లలు ఎర్ర సాక్సులతో బడికి వెళ్లారు.

శనివారం మధ్యాహ్నం పటేల్ వచ్చాడు. ఆ ద్రాక్షతోట ఒకప్పుడు ఆయనదే. మాకు స్థలాలు అమ్మిందీ ఆయనే. ఆయన మనవలు నలుగురు మా వ్యానులో వస్తారు. ఆయన ఔనంటే కాలనీ ఔననేది, కాదంటే మిగతా తొమ్మిదిమంది పిల్లల తండ్రులు కూడా కాదనేవారు.

"సారూ, నీ బండి మంచిదే. గని గా గట్టు కాడ పోరగాండ్లను దింపుడేంది, బురదల నడిపిచ్చుడేంది? గీ మాత్రానికి బండెందుకు?" అన్నాడు.

"చిన్న రిపేరండీ. చేయించేస్తాను," అన్నాను.

"ఎప్పుడు జేపిస్తవ్? గీ సోమారం గాదు, పై సోమారం నేనే గట్టు మీద నిలబడి జూస్త. పోరగాండ్లు కూసున్నోళ్లు కూసున్నట్టే దాటాలె. దాటకుంటే అందరినీ రిక్షాలల్ల పంపిస్త. నీకూ పరేషాన్ ఉండది, మాకూ ఉండది."

నా పరేషాన్ పోగొట్టడానికి అంత మర్యాదగా ముహూర్తం పెట్టినవాణ్ని మళ్లీ చూడలేదు.

ఆ సమయానికి మా మామగారు కూడా మా ఇంట్లోనే ఉన్నారు. కృష్ణా జిల్లా నుంచి రెండు వారాల కోసం వచ్చారు. మా డాబా మెట్లు సరిసంఖ్యలో పడ్డాయని ఊళ్లో ఎవరో చెబితే, ఒక మెట్టు తగ్గించి వెళదామని వచ్చారట. చొక్కా జేబులో కళ్లజోడు లేకపోయినా దిక్సూచి ఉండాల్సిందే. కాఫీ ఇస్తే తూర్పు ఎటో చూసుకుని తిరిగి కూర్చుని తాగేవారు. వచ్చిన రోజే వ్యాను చుట్టూ మూడుసార్లు తిరిగి, వెనక కుడి చక్రం దగ్గర ఆగి, పెద్ద నిట్టూర్పు విడిచారు. బండి వయసుకేమోలే అనుకున్నాను. మర్నాటి నుంచి మాత్రం వ్యానును ఎప్పుడూ తూర్పు ముఖంగానే నిలపాలని పట్టుబట్టారు. మా గేటు తూర్పున ఉంది. లోపలికి తిన్నగా వస్తే బండి పడమటికి చూస్తుంది. అందుకని రోజూ సాయంత్రం కాలువ మీది బండల మీదుగా, మెడ గూటిలోంచి తప్పేలా వెనక్కి తిరిగి, రివర్సులో పెట్టేవాణ్ని. ఎందుకండీ అంటే "మంచిది" అనేవారు. మామగారు మంచిది అన్నాక అల్లుడు ఇంకేం అడుగుతాడు?

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, విజయవాడ రోడ్డు మీద, లారీలు ఆగే చోట ఒక కమాన్ల షెడ్డుండేది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. సరూర్‌నగర్ ఊరివాడే. లారీ కింద వెల్లకిలా పడుకునే సంసారం మొత్తం చక్కబెట్టుకునేవాడు. మా బండి కిందికి దూరి, ఒక నిమిషం ఉండి, బయటికి వచ్చాడు.

"గీటిని ఎన్నేండ్లాయె సార్ జూడక?"

"ఎప్పుడూ చూడలేదు."

"గది కనబడ్తనే ఉన్నది. పాతయి తీసి పారెయ్యాలె. లారీ పట్టీలు కోసి, కాల్చి, వంచి, కొత్త కట్టలు కట్టిస్త. ఎన్క భాగం ఇగో, జానెడు లేస్తది."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"దినంల అయితది."

హైదరాబాదు మెకానిక్ దినానికి ఎన్ని గంటలో ఏ పంచాంగంలోనూ ఉండదు. శుక్రవారం పొద్దున ఇచ్చాను. శుక్ర, శనివారాలు రెండు రోజులూ పిల్లల్ని నేనే రిక్షాలు మాట్లాడి పంపాల్సి వచ్చింది. నా గొయ్యి తవ్వేవాళ్లకు నేనే గడ్డపార అందించినట్టు. రిక్షావాళ్లు ఎంత చక్కగా తీసుకెళ్లారో సాయంత్రం పిల్లలు నాకే వచ్చి చెప్పారు.

ఉస్తాద్ బండి వెనక భాగాన్ని జాకీతో లేపి, కింద రెండు ద్రాక్షతోట కడీ ముక్కలు పెట్టాడు. చక్రాలు తీశాడు. ఇక కమాను కట్టను ఇరుసుకు బిగించి పట్టుకునే బోల్టులు విప్పాలి. యూ ఆకారంలో ఉంటాయవి, పక్కకు రెండు. నట్టుకూ బోల్టుకూ మధ్య తుప్పు పట్టి రెండూ అద్వైత సిద్ధి పొందాయి. కిరసనాయిలు పోశాం. నానాలని టీ తాగాం. మళ్లీ పోశాం, మళ్లీ తాగాం. మధ్యాహ్నానికి బోల్టులు తాగింది ఎక్కువో నేను తాగింది ఎక్కువో తేల్చడం కష్టమైంది. చివరికి ఉస్తాద్ పానాకు నిలువెత్తు పైపు తొడిగి, "సార్, జర గీ కొసకు వేలాడు" అన్నాడు.

వేలాడాను. డిగ్రీ చదివినవాణ్ని, గబ్బిలంలా వేలాడాను. ఠప్పున చప్పుడైంది, నేను పాత ఆయిలు మడుగులో పడ్డాను.

"ఒచ్చింది," అన్నాడు ఉస్తాద్ సంతోషంగా. వచ్చింది బోల్టు కాదు, సగం బోల్టు. మిగతా సగాన్నీ, మిగతా మూడు బోల్టుల్నీ గ్యాసు మంటతో కోసేసరికి శుక్రవారం అయిపోయింది.

శనివారం పొద్దున మామగారు గొడుగు పట్టుకుని నాతో బయల్దేరారు. "పని దగ్గర ఇంటి మనిషి ఉండాలి అల్లుడు గారూ," అన్నారు. నేను ఇంటి మనిషిని కాననుకున్నారో ఏమో. కొలిమిలో ఎర్రగా కాలిన పట్టీల్ని సమ్మెటతో కొట్టి ఉస్తాద్ వంపు తిప్పుతుంటే, మామగారు యజ్ఞం చూస్తున్నట్టు చూశారు. కాసేపటికి "టీ తెప్పిస్తారా" అన్నారు. టీకొట్టు హైవేకు అవతల ఉంది. రెండు లారీల మధ్య సందు దొరికి నేను ఆ రోడ్డు దాటి వచ్చేసరికి నాకు రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయి. తిరిగొచ్చేసరికి ఇద్దరూ మాట్లాడుకుంటున్నవాళ్లు టక్కున ఆపేశారు. "చక్కెర తక్కువైంది," అన్నారు మామగారు. మళ్లీ వెళ్లాను.

సాయంత్రానికి బండి నేల మీద నిలబడింది. ఏమని చెప్పను! నిన్నటిదాకా టైరుకూ పైరేకుకూ మధ్య బీడీ దూరేది కాదు. ఇప్పుడు పిల్లి సంసారం పెట్టొచ్చు. ఉస్తాద్ చేతిలో నా చెయ్యి పెట్టి ఊపేశాను. ఆ ఆనందం దిల్‌సుఖ్‌నగర్ దాకా కూడా నిలవలేదు. లారీ పట్టీల బిరుసుకు ఖాళీ బండి జింకలా గెంతుతోంది. తల నాలుగుసార్లు పైకప్పుకు తగిలింది. అంతలో మాడు వాసన. వెనక భాగం పైకి లేచింది కదా, హ్యాండ్‌బ్రేకు తీగ పొడవు చాలక బిగుసుకుపోయి, నేను వదిలేసినా వెనక చక్రాల్ని పట్టుకునే ఉంది. పొగలు కక్కుతూ వెనక్కి తిప్పాను. ఉస్తాద్ తీగ వదులుచేస్తూ, "చెప్తమనుకున్న, మర్శిన," అన్నాడు.

ఆదివారం పొద్దున మా ఆవిడ చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తీసుకుని గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ, బండేమిటి ఎడమవైపు ఒరిగి నిలబడింది? అరిగిన చెప్పేసుకున్నదానిలా!"

"నీకలా కనబడుతోంది," అన్నాను. నాకూ అలాగే కనబడింది. నిమ్మకాయ ఒకటి తీసుకుని బండి లోపల నడుమ పెట్టాను. అది క్షణం ఆలోచించలేదు. కుడి నుంచి ఎడమకు పరిగెత్తి, మూసుకోని తలుపులోంచి కిందికి దూకి, కాలువలో పడింది. రేపు పిల్లలు కూడా అదే దారిన పోతారు. మామగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. పేపరు తిరగేసి ఉంది.

ఎల్బీనగర్ పరిగెత్తాను.

"నేల వంకరున్నది," అన్నాడు ఉస్తాద్.

బండి ముఖం అటు తిప్పి నిలిపాను. అప్పుడూ ఎడమకే ఒరిగింది.

"పెట్రోల్ ట్యాంకు ఎడమ దిక్కున్నది సార్. గా బరువు."

"దీంట్లో పెట్రోలు నిండుగా ఎప్పుడుంది ఉస్తాద్?"

"నువ్వు కుడి దిక్కు కూసుంటే సమానమైతది."

"నేను కూర్చునే వచ్చాను కదయ్యా!"

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు బక్కగున్నవ్ సార్, నీతోని ఏమయితది?" అని, టేపు లేకుండా కొలత మొదలుపెట్టాడు. కుడి టైరు మీద కుడి జాన, ఎడమ టైరు మీద ఎడమ జాన. "రెండూ జానెడే. బరాబరున్నయ్."

నాకు ఒళ్లు మండింది. ఒకవేళ ఇతని చేతులే తేడా ఏమో! రెండు అరచేతులూ పట్టుకుని, ఒకదానికొకటి ఆనించి, వేళ్ల కొసలు కొలిచాను. దారిన పోయే లారీ డ్రైవర్లు ఆగి చూశారు. నేను ఉస్తాద్ చేత బలవంతాన దండం పెట్టించుకుంటున్నానని వాళ్లనుకుని ఉంటారు. చేతులు సమానంగానే ఉన్నాయి. కుడి చిటికెన వేలికి మాత్రం గోరు కాస్త పెరిగింది. ఆ గోటి మీద కూడా అనుమానపడ్డాను.

చివరికి "ఎడమ టైరుల గాలి తక్కువున్నది" అని గాలి కొట్టి పంపేశాడు. ఇంటికి వచ్చి రెండో నిమ్మకాయ పెట్టాను. అదీ కాలువలోకే పోయింది. గాలి ఎక్కువైనందుకేమో, ఈసారి కాస్త ఎగిరి పోయింది.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా మళ్లీ వెళ్లాను. ఉస్తాద్‌తో మాటలు పెట్టుకోలేదు. పంచె ఎగగట్టి నేనే బండి కింద దూరాను. వెల్లకిలా పడుకుని, వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లవాడిలా పైకి లెక్కపెట్టాను. ఎడమ కట్టలో పట్టీలు ఏడు. కుడి కట్టలో ఎనిమిది. లెక్క తప్పానేమోనని కింది నుంచి పైకి లెక్కపెట్టాను. ఎనిమిదే.

"ఉస్తాద్!" అని కింది నుంచే అరిచాను. "కుడివైపు ఎనిమిదున్నాయేమిటయ్యా?"

"అవ్, ఎనిమిదే," అన్నాడు, పై నుంచి తొంగిచూస్తూ. "పెద్దాయన ఎయ్యమన్నడు గద."

"ఏ పెద్దాయన?"

"నీ మామ. నువ్వు టీకి పోయినప్పుడు చెప్పిండు. డ్రైవర్ ఎన్క టైరు దిక్కు ఒక పట్టీ ఎక్కువెయ్యి, అల్లునికి చెప్పకు, కోపగొండోడు అన్నడు."

"ఆయన చెబితే నువ్వు వేసేస్తావా? పొద్దుట్నుంచీ నేల వంకరన్నావు, ట్యాంకన్నావు, గాలన్నావు!"

"చెప్పనని మాటిచ్చిన సార్. మాట మాటే గద. అయినా నాకేం ఎర్క? మీ ఆంధ్రోళ్ల బండ్లకు గట్లనే ఉంటదేమో అనుకున్న."

"సరే, ఇప్పుడు తీసెయ్."

"తీస్త గని, యూ బోల్టులు ఒక్కపారి బిగిస్తే మళ్ల పనికిరావు. రేపు నడిరోడ్డు మీద తెగుతే పోరగాండ్ల పాణం మీదికొస్తది. కొత్తయి తేవాలె. గియ్యాల ఐతారం, దుకాణాలు బంద్."

"రేపు పొద్దున పటేల్ గట్టు మీద నిలబడతానన్నాడు ఉస్తాద్!"

"అయితే ఎత్తు దిక్కు బరువెట్టు," అని మళ్లీ లారీ కిందికి వెళ్లిపోయాడు.

దారి పొడుగునా మామగారితో ఎలా మాట్లాడాలో సాధన చేశాను. కొత్తపేట దగ్గర చాలా గట్టిగా, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఇంకా గట్టిగా. ఇంట్లోకి వచ్చేసరికి ఆయన పడకకుర్చీలో ఉన్నారు, కాళ్లు ఉత్తరానికి చాపుకుని.

"మామయ్యగారూ, ఆ ఎనిమిదో పట్టీ ఎందుకు వేయించారండీ?"

ఆయన కంగారు పడలేదు. "ఇంటికి నైరుతి మూల ఎత్తుగా ఉండాలి అల్లుడు గారూ. మీ ఆవరణలో నైరుతిలో ఉండేది ఆ బండి. అది కుంగి కూర్చుంది. తూర్పు ముఖంగా నిలిపితే దాని వెనక కుడి చక్రం సరిగ్గా నైరుతికి వస్తుంది. అక్కడ లేపించాను."

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ నా మెడ ఎందుకు విరిగిందో.

"అది ఇల్లు కాదండీ! చక్రాలున్నాయి దానికి! రేపు మలక్‌పేట వెళ్లేటప్పుడు పడమటికి తిరుగుతుంది. అప్పుడు మీ నైరుతి ఈశాన్యంలోకి పోతుంది. ఈశాన్యం ఎత్తుండొచ్చా మరి?"

"రోడ్డు మీది దోషం మున్సిపాలిటీది," అన్నారు. "ఇంట్లో దోషం మనది."

జవాబు లేనప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను, గొంతు పెంచాను. పదమూడుమంది పిల్లలు పోతారన్నాను, రిక్షాలన్నాను, ఆబిడ్స్ అన్నాను, పేపర్‌వెయిట్ అన్నాను. అన్నీ విని ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మీరు ఉన్న ఉద్యోగం వదిలేశారు. నేనేమన్నా అన్నానా? మా అమ్మాయి ప్రతి ఉత్తరంలోనూ అంతా బాగుందనే రాస్తుంది. బాగుంటే అన్నిసార్లు రాసే పిల్ల కాదది. వచ్చి చూస్తే బండి అలా ఉంది. మీకు చెప్పేపాటి వాణ్ని కాను, డబ్బు సర్దిపెట్టే శక్తీ లేదు. నాకు తెలిసిందొక్కటే, అది చేయించాను."

గొంతు పెంచుకుని ఉన్నానేమో, దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో ఉంది. ఆవిడ తండ్రి వైపు చూసింది, నా వైపు చూసింది, బయట ఒరిగిన బండి వైపు చూసింది.

"ఎత్తు వైపు బరువు పెట్టాలి, అంతేగా?" అంది. "బియ్యం బస్తా పెడితే పిల్లలు చిల్లి పొడుస్తారు. నాన్నా, రేపు పొద్దున మీరే వెళ్లి ఆ మూల కూర్చోండి."

మామగారి బరువు గురించి నేను గోరంతలు కొండంతలు చెయ్యను. ఆయన ఎక్కితే సిటీబస్సు కండక్టరు టికెట్ చింపబోయి ఒక్క క్షణం ఆలోచించేవాడు, అంతే.

సోమవారం పొద్దున వాన లేదు. ఇంటింటికీ ఆగి పిల్లల్ని ఎక్కించుకున్నాను. వెనక కుడి మూల సీటులో మామగారు గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నారు. బండి నీటిమట్టంలా నిలబడింది. నేను దిగి నాలుగు పక్కలా చూశాను. ఒరుగు లేదు. ఒప్పుకోవడం కష్టమైంది గానీ, ఒరుగు లేదు.

గట్టు మీద పటేల్ నిజంగానే నిలబడ్డాడు. పక్కన ఇద్దరు ముగ్గురు తండ్రులు. వాళ్ల వెనక ఎందుకైనా మంచిదని రెండు రిక్షాలు. రిక్షావాళ్లు నా వైపు చూసి పలకరింపుగా నవ్వారు కూడా.

మొదటి గేరు వేశాను. ముందు చక్రాలు ఎక్కాయి. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. దిగాయి. ఇక కడుపు. నేను ఊపిరి బిగబట్టాను, బండి బరువు కాస్తయినా తగ్గుతుందని. వెనక్కి చూస్తే పదమూడుమంది పిల్లలూ బిగబట్టారు. వాళ్లకెవరు చెప్పారో! వెనక చక్రాలు గట్టెక్కాయి. రాపిడి లేదు, చప్పుడు లేదు. దిగేటప్పుడు లారీ పట్టీలు ఒక్క గెంతు గెంతాయి, పిల్లలందరూ గాల్లోకి లేచి "ఓ" అని కేకలేశారు. మామగారు మాత్రం లేవలేదు. ఆయన్ని లేపే పట్టీ ఇంకా ఏ కొలిమిలోనూ కాలలేదు.

పటేల్ ధోతి పైకి దోపుకుని, వంగి, బండి కింద చూశాడు. కడుపుకూ నేలకూ మధ్య చెయ్యి పెట్టి ఆడించాడు. తరవాత కిటికీలోంచి లోపలికి చూశాడు. అప్పటికే మామగారు పక్కనున్న పటేల్ మనవడి టిఫిన్‌డబ్బా మూత సరిగ్గా బిగిస్తున్నారు.

"గీ పెద్దాయన ఎవరు సారూ?"

"మా మామగారండీ. ఇవాళ్టికి..." అని మొదలుపెట్టాను.

"గిది మంచిగ జేసినవ్! డ్రైవర్ ముందట జూస్తడు, ఎన్క పోరగాండ్లను ఎవరు జూడాలె? పెద్ద మనిషుంటే మాకు ఫికర్ లేదు. రోజు గిట్లనే కూసుంటడు గద? కూసుంటే మా తమ్ముని పిల్లలు ఇద్దరిని గూడ పంపిస్త."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. బుధవారం ఆయన రైలెక్కాలి. ఈ మధ్యాహ్నమే కొత్త బోల్టులు తెచ్చి ఎనిమిదో పట్టీ తీయించాలి. అవతల తండ్రులు అప్పుడే రిక్షాలు పంపించేస్తున్నారు. నా నోరు తెరిచినట్టే ఉండగా, వెనక మూల నుంచి మామగారు జవాబిచ్చేశారు.

"కూర్చుంటానండీ. నైరుతిలో బరువుండటం ఎప్పుడూ మంచిదే."

ఆ తరవాత ఏడాది చివరి పరీక్షల దాకా ఆయన మా ఇంట్లోనే ఉన్నారు. పట్టీ తీయిస్తే ఆయన బరువుకు బండి కుడికి ఒరుగుతుంది, తీయించకపోతే ఆయన దిగితే ఎడమకు ఒరుగుతుంది. ఉస్తాద్‌ను అడిగితే "మామను దించుతవా, పట్టీని దించుతవా, జల్ది చెప్పు, లారీ నిలబడ్డది" అన్నాడు. పదమూడు పదిహేనయ్యారు. ఆబిడ్స్ వెళ్లాల్సిన పని పడలేదు.

కానీ ఆ మొదటి రోజు తిరుగు ప్రయాణం మాత్రం నేను మరిచిపోలేను. పిల్లలందరూ బడి దగ్గర దిగిపోయారు. ఇంత పొడుగు ఖాళీ బండిలో ముందు నేను, చిట్టచివర మూల ఆయన. ముందుకొచ్చి నా పక్కన కూర్చోండి అనడానికి లేదు, వస్తే బండి పక్కకు వాలుతుంది. అంచేత మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, గెంతు గెంతుకూ మోగే హారన్‌ను మించిన గొంతుతో, ఆయన అక్కణ్నించి నాకు డ్రైవింగు నేర్పుతూ వచ్చారు.

"ఎడమకు తియ్యండి అల్లుడు గారూ! ఎడమకు! ఎదురుగా బస్సొస్తోంది!"

"చూశానండీ!"

"ఏమిటీ?"

"చూశానంటున్నా!"

"చూస్తే సరిపోదు, తియ్యాలి!"